మనదా, బయటిదా

వడపోత గుడ్డ మీద నీళ్ళు నిలిచిపోయాయి. అప్పారావు గరిటెతో కలిపి చూశాడు. దిగలేదు. గరిటె పైకెత్తితే దానితోపాటు ఒక తీగ లేచింది. మూరెడు సాగింది, తెగలేదు.

"మేడంగారండీ! ఓపాలి ఇటు రండి. బెండకాయ జిగురులాగుందండి ఇది."

జోసెఫిన్ ల్యాబు గదిలోంచి వచ్చింది. ల్యాబు షెడ్డుకు దూరంగా, ఆవరణకు ఆ చివర ఉంటుంది. షెడ్డులో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి అగ్గిపుల్ల, దీపం ఏదైనా ఆ చివరే. అప్పారావు చుట్ట కూడా గేటు బయటే కాల్చి వస్తాడు.

కనకాలపేట దాటాక రొయ్యల చెరువుల మధ్య ఉన్న రేకుల షెడ్డు అది. అక్కడ కరెంటుతో నీళ్ళను విడగొట్టి హైడ్రోజన్ తీస్తారు. దాన్ని స్టీలు ట్యాంకులోకి బుడగలుగా వదులుతారు. ఆ వాయువు తిని బతికే బ్యాక్టీరియా ట్యాంకులో పెరుగుతుంది. నీళ్ళు పలచటి మజ్జిగలా చిక్కబడతాయి. వడకట్టి ఎండబెడితే లేత పసుపు పొడి. రొయ్యల మేతలో ఎండుచేపల పొడికి బదులు దాన్ని కలుపుతారు. ట్యాంకు కడగడం, వడకట్టడం అప్పారావు పని. లోపల పెరుగుతున్నది ఏమిటో చూసి చెప్పడం జోసెఫిన్ పని.

ఆమె కొంచెం జిగురు గాజుపలక మీద పూసి ఆరబెట్టింది. రంగు వేసి, కడిగి, మైక్రోస్కోప్ కింద పెట్టింది. రోజూ కనబడేవి పొట్టి కడ్డీలు, గులాబి రంగువి. ఇవి వంకరగా ఉన్నాయి. కొన్ని చీలి కొమ్మల్లా ఉన్నాయి. కొన్నిటికి ఊదారంగు పట్టుకుని వదల్లేదు.

మేనేజరు వెంకటరాజు ఆమె భుజం వెనక వచ్చి నిలబడ్డాడు. ఇరవయ్యేళ్ళు రొయ్యపిల్లల హేచరీల్లోనూ చెరువుల మీదా పనిచేసి ఇక్కడికి వచ్చినవాడు.

"మనదా, బయటిదా? అది చెప్పు ముందు."

తెలియదు అనవచ్చు. నాలుగు రోజులు ఆగండి అనవచ్చు. చదువుకున్నవాళ్ళకు ఆ మాటలు నోట రావు.

"మనదిలా లేదు సార్," అంది.

"అనుకున్నాను." ఆయన షెడ్డులోకి నడిచాడు. ట్యాంకు మీద అరచేత్తో కొట్టాడు. "పిల్లకంటే ఎక్కువ చూసుకుంటున్నాను దీన్ని. అమోనియా సగానికి సగం తగ్గించాను. నీళ్ళు వాసన లేకుండా ఎంత శుభ్రంగా ఉన్నాయో చూడు. అలాంటి ట్యాంకులోకి బయటిది ఎలా వస్తుంది? ఎగిరి వస్తుందా? ఏమయ్యా అప్పారావూ, చేతులు చూపించు."

అప్పారావు గరిటె కింద పెట్టి చేతులు చాపాడు. బోర్లా చూపించమంటే బోర్లా తిప్పాడు. గోళ్ళ చుట్టూ చర్మం పగిలి ఉంది. కాస్టిక్ సోడాకి అరచేతులు తెల్లబడిపోయాయి.

"మోచేతుల దాకా రుద్దుకునే దిగుతానండి. మేడంగారు నేర్పినట్టే."

"ముందే చెప్పారు నాకు. దరియాలతిప్పలో ఈ చెయ్యి పెట్టిన రెండు చెరువులూ వైట్ స్పాట్ రోగంతో పోయాయట. చెరువులో రొయ్యంతా గట్టుకి కొట్టుకొచ్చిందట. నేనే పట్టించుకోలేదు. స్టీలు ట్యాంకులే, ఏమవుతుందిలే అనుకున్నాను."

అప్పారావు చేతులు ఇంకా చాచే ఉంచాడు. దించవచ్చో లేదో ఆయనకు తెలియలేదు.

ఆ చుట్టుపక్కల రొయ్య చచ్చిన చెరువులో పనిచేసిన మనిషిని ఇంకో చెరువు గట్టు ఎక్కనివ్వరు. రోగం అంటించుకొస్తాడని కొన్నాళ్ళు. ఆ తరువాత కారణం మరిచిపోయి, చెయ్యి మంచిది కాదంటారు. రెండో చెరువు పోయాక అప్పారావుని పిలిచినవాడు లేడు. వలకి పోదామంటే పడవలోకీ రానివ్వలేదు. ఈ షెడ్డు గేటు ఒక్కటే తెరుచుకుంది.

"దీన్ని ప్లేట్ల మీద పెంచి చూస్తాను సార్," అంది జోసెఫిన్. తన మాట ఎంత దూరం పోయిందో అప్పటికి ఆమెకు తెలిసింది. "నాలుగు రోజులు ఆగండి. అప్పుడు కచ్చితంగా చెప్తాను."

"వేసుకో. అందాకా నువ్వు ట్యాంకు జోలికి రాకు అప్పారావూ. వాకిలి ఊడువు. ప్లేట్లు బయటిదంటే మాత్రం మళ్ళీ గేటు దగ్గర కనబడకు."

మధ్యాహ్నం ఆమె ప్లేట్లకు లవణాలు తూచింది. అమోనియా ఉప్పు డబ్బా చేతికి బరువుగా తగిలింది. ఈపాటికి అడుగు కనబడాలి. మూత తీసి చూసింది. సగానికి పైగా ఉంది. ఆ పసుపు బ్యాక్టీరియాకి వాయువు దండిగా ఉండి ఈ ఉప్పులోంచి అందే నత్రజని చాలకపోతే అది పెరగలేదు. తిన్నదంతా ఏం చేస్తుంది? జిగురు కక్కుతుందా?

ఆమె ప్లేట్లు మూడు రకాలుగా పోసింది. పంచదార కలిపినవి కొన్ని. బయటినుంచి వచ్చినదైతే తీపి మీద పెరుగుతుంది. తిండి ఏమీ లేకుండా ఉప్పులు మాత్రమే వేసినవి కొన్ని. వాటి మీద హైడ్రోజన్ తినేది తప్ప ఇంకేదీ బతకదు. మూడో రకం కూడా అలాంటిదే, కానీ అమోనియా సగం. ట్యాంకు జిగురుని అన్నిటి మీదా గీసింది. ఫ్రిజ్‌లో మొదటినుంచీ విడిగా దాచిన బ్యాక్టీరియా మూల విత్తనాన్ని కూడా తీసి గీసింది. దానికి ట్యాంకుతోనూ అప్పారావుతోనూ సంబంధం లేదు. తీపి ప్లేట్లను బీరువాలో పెట్టి, మిగిలినవి గాజు జాడీలో పేర్చి, గాలి లాగేసి, వాయువులు నింపి బిగించింది.

అప్పారావు వాకిలి ఊడుస్తూ కిటికీ దగ్గర ఆగాడు.

"ఏటండి, గుడ్లు పొదిగేత్తున్నారా అందులో?"

"అవును బాబాయ్. నాలుగు రోజులకి పిల్లలొస్తాయి."

"వచ్చి ఎవర్ని పొడుత్తాయో."

ఇద్దరూ నవ్వారు. ఆయన చీపురు గోడకి ఆనించాడు. మళ్ళీ తీసుకున్నాడు.

"మేడంగారండీ. ట్యాంకు నీరసంగా ఉన్నప్పుడు..."

"ఇప్పుడేమీ చెప్పకండి బాబాయ్. ప్లేట్లు రానివ్వండి. ముందే నేనొకటి అనుకుంటే ప్లేటు మీద అదే కనబడుతుంది."

ఒకసారి ముందే అనుకుని చూసింది కాబట్టి ఇప్పుడు నియమం గుర్తొచ్చింది. అదే నియమం ఒక మనిషి నోరు మూసింది. ఆమె అది గమనించలేదు.

"ఆయ్," అని అప్పారావు ఊడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. వాకిట్లో ఆకు లేదు, కాగితం లేదు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాడు.

ఆ నాలుగు రోజులూ అంతే. ఆయన గేటు తెరవకముందే వచ్చి కూర్చునేవాడు. ట్యాంకు వంక చూసేవాడు కాదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి సగం తిని మూసేసేవాడు. రోజుకి రెండుసార్లు కిటికీలోంచి జాడీ చూసి పోయేవాడు. ఏమీ కనబడకపోతే ముఖం కాస్త తేటపడేది. ఆమె చూసింది. ప్లేటు మీద పెరిగినదల్లా చెడ్డది కాదని చెప్పాలనుకుంది. చెప్పలేదు.

ఆఖరి రోజు జోసెఫిన్ వచ్చేసరికి గేటు తెరిచి ఉంది. చీపురు వాకిట్లో అడ్డంగా పడి ఉంది. ఆమె పట్టించుకోకుండా ల్యాబులోకి పోయింది. జాడీ అద్దంలోంచే కనబడింది. సగం అమోనియా ప్లేట్ల మీద పసుపు జిగురు పొంగి మూతలకి అంటుకుని వేలాడుతోంది.

కిటికీలన్నీ తెరిచి జాడీ విప్పింది. ట్యాంకుదీ జిగురే. ఫ్రిజ్‌లోంచి తీసినదీ జిగురే. ఏ చెయ్యీ తగలని విత్తనం కూడా అమోనియా చాలక అదే కక్కింది. అమోనియా నిండుగా ఉన్న ప్లేట్ల మీద ట్యాంకు జిగురు గీసిన చోట జిగురు లేదు. పొడిగా చిన్న చుక్కలు. వాటిలోంచి తీసి రంగు వేసి చూసింది. పొట్టి కడ్డీలు, గులాబి రంగు. వంకరవీ ఇవీ ఒకటే. బీరువాలో తీపి ప్లేట్లు తీసింది. వేసినవి వేసినట్టే ఉన్నాయి.

మనదే.

ప్లేట్లు రెండు చేతుల్లో పట్టుకుని దాదాపు పరుగెత్తింది.

వెంకటరాజు గదిలో టీ తాగుతున్నాడు. గుమ్మం పక్కన నేల మీద అప్పారావు గొంతుకూర్చుని ఉన్నాడు.

"రామ్మా. నీకు శ్రమ తప్పింది. ఒప్పేసుకున్నాడు."

"ఏం ఒప్పుకున్నాడు?"

"నువ్వే చెప్పవయ్యా."

అప్పారావు ఆమె వైపు చూడలేదు. "పొద్దున్నే సూశానండి. జాడీ నిండా అదేనండి. మూతలకి కూడా అంటుకుపోయిందండి. ఇంకెందుకు దాసడం? ఆ వారం ట్యాంకు నీరసంగా ఉందండి, నురగ లేదు. సెరువుకి పోసినట్టే బెల్లం ఊరేసి ఓ సెంబుడు పోశానండి. కోలుకుంటాదని పోశాను. సెడగొట్టాలని కాదండి."

చెరువు నీరసపడితే బెల్లం నీళ్ళు పోస్తారు. అక్కడ పోయనివాడు లేడు. వెంకటరాజు ఇరవయ్యేళ్ళు పోయించినవాడే.

"బెల్లం వల్ల కాదు సార్," అంది జోసెఫిన్. ప్లేట్లు బల్ల మీద పరిచింది. "తీపి మీద ఏమీ పెరగలేదు చూడండి. ఇది మనదే. ఫ్రిజ్‌లోదీ ఇదే జిగురు కక్కింది. దానికి బెల్లం ఎవరు పోశారు? అమోనియా సగం చేశాం కదా, అందుకు."

వెంకటరాజు కప్పు దించాడు. ముందు ఆమెను చూశాడు. తరువాత నవ్వాడు. నిజంగానే నవ్వాడు, కళ్ళలో నీళ్ళు వచ్చేలా.

"అమోనియా తగ్గిందని చెడిపోయిందా? ఏ గట్టు మీదైనా ఈ మాట అని చూడమ్మా. ఇరవయ్యేళ్ళు అమోనియాతో చచ్చాను నేను. అది పెరిగితే రొయ్య చస్తుంది గానీ తగ్గితే చస్తుందా?"

"ఇది రొయ్య కాదు సార్."

"బయటిదని మొదట చెప్పిందెవరు?"

ఆమె ఫ్రిజ్ విత్తనం ప్లేటుని ఆయన వైపు జరిపింది.

"నువ్వే. ఇప్పుడు కాదంటున్నావు. రేపేమంటావో? పోసినవాడు పోశానంటుంటే పోయలేదనడానికి నువ్వెవరు? హైదరాబాదు ఆఫీసుకి చెప్పేశాను. బెల్లం అంటే వాళ్ళూ నవ్వారు. ట్యాంకు బ్లీచింగ్ పోసి కడిగి మళ్ళీ మొదలెట్టమన్నారు. నువ్వు లేవయ్యా."

అప్పారావు లేచాడు. గుమ్మం బయట ఆమె పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు.

"నన్ను కాయాలని ఎంత అబద్ధం ఆడారండి. మీకెందుకు ఈ గొడవ? మంచోరండి మీరు."

అబద్ధం కాదని చెప్పేలోపే ఆయన గేటు దాటాడు. కొళాయి దగ్గర విడిచిన చెప్పులు కూడా తీసుకోలేదు.

మర్నాడు కనకాలపేట నుంచి పాపాయమ్మ అనే ఆవిడ పనికి వచ్చింది. యాభై దాటిన మనిషి, చెవులు సరిగా వినబడవు. ట్యాంకు లోపలికి దిగి తల కూడా బయటికి కనబడనంత లోతున తోమింది. కొత్త నీళ్ళు నింపారు. మూల విత్తనం వేశారు. అమోనియా ఎప్పటిలాగే సగం వేయించాడు వెంకటరాజు. జోసెఫిన్ మళ్ళీ చెప్పింది. ఆయన వినలేదు. మూడోసారి చెప్పలేదు. మూడోసారి చెప్పనివాళ్ళు తాము చెప్పామనే అనుకుంటారు.

ఆ వారం చివర ట్యాంకు లోపలికి చూసే అద్దం మీద పసుపు పొర కనబడింది. పాపాయమ్మ గుడ్డతో తుడిచింది. గుడ్డతోపాటు తీగ సాగింది.

వెంకటరాజు కాకినాడ వెళ్ళి ఉన్నాడు. జోసెఫిన్ ఆ జిగురు చూసి సంతోషించింది. జిగురు చూసి సంతోషించిన మనిషి ఆ షెడ్డులో ఇంకెవరూ ఉండరు. ఇప్పుడు బెల్లం లేదు, అప్పారావు లేడు. రాజుగారు రాగానే ఎదురుగా నిలబెట్టి అడుగుతుంది. ముందు అప్పారావుకి చెప్పాలి. స్కూటీ తీసింది.

దరియాలతిప్పలో అడిగితే చెరువుల మీద ఉన్నాడన్నారు. గట్టు మొదట్లో స్కూటీ ఆపి నడిచింది. నీళ్ళకి గాలి కలిపే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. అప్పారావు లుంగీ ఎగగట్టి, మేత బస్తా మూతి విప్పుతున్నాడు. ఆమెను చూసి తలగుడ్డ తీశాడు.

"మేడంగారండీ! ఇంత దూరం వచ్చారేటండి?"

"పని దొరికిందా బాబాయ్?"

"ఇయ్యాలేనండి. సాయిసందీప్‌గారని, కుర్రోడే. కౌలుకి పట్టాడండి. ఓ వారం సూత్తానన్నాడు."

"మళ్ళీ వచ్చింది బాబాయ్. ట్యాంకులో. కడిగి, కొత్త విత్తనం వేసినా వచ్చింది. మీరు లేరు, బెల్లం లేదు. మీ తప్పు కాదు. నేను చెప్పింది అబద్ధం కాదు."

ఆయన నవ్వుతాడనుకుంది. ఆయన అవతలి గట్టు వైపు చూశాడు. అక్కడ ఒక కుర్రాడు మోటారు దగ్గర వంగి ఏదో బిగిస్తున్నాడు.

"గట్టిగా అనకండి."

"ఎందుకు?"

"బెల్లం కాపోతే మరేటంటారండి?"

"అమోనియా తగ్గించారు కదా, దానివల్ల."

"అమోనియా తగ్గితే..." ఆయన ఆగిపోయాడు. ఆమె మొహం చూసి, నవ్వడం బాగుండదనుకున్నట్టు తల దించుకున్నాడు. "అది ఎవరు నమ్ముతారండి? నాకే నమ్మబుద్ధి కావట్లేదు. ఈ కుర్రోడికి ఏం సెప్పుకుని పనిలోకి వచ్చాననుకున్నారు? అక్కడ బెల్లం పోసి సెడగొట్టుకున్నాను బాబూ, పొయ్యకూడని సోట పోశాను అని సెప్పానండి. నవ్వేడు. వాళ్ళ నాన్న కూడా అలాగే ఎక్కడో పోశాడంట. రమ్మన్నాడు. బెల్లమైతే తప్పండి. తప్పు ఎవడైనా సేత్తాడు, ఇంకోసారి సెయ్యడు. బెల్లం కాదన్నారనుకోండి, ఇంక మిగిలిందేటండి?"

రెండు చేతులూ ఆమె ముందు పెట్టాడు. మేత పొడి అంటి ఉంది.

"చెయ్యి వల్ల ఏమీ కాదు బాబాయ్. అది నేను చెప్తాను అందరికీ."

"మీరు సెప్తారండి. ఇంటారా? ఆ రెండు సెరువులూ ఎందుకు పోయాయో ఇయ్యాల్టికీ నాకు తెలీదండి. రాత్రీ పగలూ కాసుకుని ఉన్నాను. ఏం తక్కువ సేశానో, ఏం ఎక్కువ సేశానో. ఈ ఒక్కదానికి కారణం దొరికింది. ఇది నేనే సేశాను, ఇందుకు సేశాను అని అనుకోగానే నిద్దరట్టిందండి." చేతులు దించుకున్నాడు. "అదీ లాగేసుకుంటారేటండి?"

జోసెఫిన్ చేతిలో స్కూటీ తాళంచెవి ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పింది.

మోటారు దగ్గర కుర్రాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ల్యాబు మేడంగారా? మా అప్పారావు మావ చెప్పాడండి మీ గురించి." ఆమెకు దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. నవ్వుతూనే ఉన్నాడు గానీ కళ్ళు నవ్వడం లేదు. "మీరు దొరికారు కాబట్టి అడుగుతున్నానండి, ఏమీ అనుకోకండి. అప్పు చేసి దిగాను, నాకిదే మొదటి పంట. ఊళ్ళో ఏవేవో అంటున్నారు. ఆ ట్యాంకు బెల్లం వల్లే పోయిందాండి? ఇంకేం లేదుగా?"

అప్పారావు బస్తా మూతి మీదకి వంగాడు. తాడు అప్పటికే విప్పి ఉంది. దాన్నే ఇంకా విప్పుతున్నాడు.

"బెల్లమే," అంది జోసెఫిన్.

"హమ్మయ్య. మీరు టెస్టు చేసే చెప్తున్నారుగా?"

"చేశాను. బెల్లమే."

"మావా, పోయి చెక్ ట్రే ఎత్తి చూడు. మేత తింటున్నాయో లేదో." కుర్రాడి గొంతు మారింది. "బెల్లం మాత్రం నేను చెప్పందే పొయ్యకు. మేడంగారు ఇక్కడే ఉన్నారు."

"ఆయ్. పొయ్యనండి. ఒట్టండి."

అప్పుడే ఆమె ఫోను మోగింది. వెంకటరాజు. గట్టు దిగి పక్కకి పోదామనుకుంది. కుర్రాడు పక్కనే నిలబడ్డాడు. అప్పారావు అడుగు వేయబోయి ఆగాడు.

"ఎక్కడున్నావమ్మా? నేనిప్పుడే వచ్చాను. చూశావా ట్యాంకు? ఈ ముసల్దీ పోసేసింది. అడిగితే పోయలేదని ఒట్లేస్తోంది, ఏడుస్తోంది. అప్పారావు నేర్పి ఉంటాడు, చుట్టాలేమో. నీ ప్లేట్లు గీట్లు నాకొద్దు. ఒక్క మాట చెప్పు. బెల్లమేనంటావా?"

వెనకాల పాపాయమ్మ గొంతు వినబడుతోంది. మాటలు తెలియడం లేదు. చెవులు సరిగా వినబడనివాళ్ళు ఏడ్చినట్టు పెద్దగా ఏడుస్తోంది.

జోసెఫిన్ నోరు తెరిచింది. అప్పారావు ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"వినబడుతోందామ్మా?"

"వినబడుతోంది సార్."

"మరి చెప్పు."

ఏరేటర్లు తిరుగుతున్నాయి. కుర్రాడు ఏమిటన్నట్టు కనుబొమ్మలు ఎత్తాడు.

"సరేలే. అర్థమైంది," అని వెంకటరాజు ఫోను పెట్టేశాడు.

అప్పారావు చెరువులోకి దిగాడు. నడుం లోతు నీళ్ళలో నిలబడి తాడు పట్టి చెక్ ట్రే పైకి లాగాడు. ట్రే నీళ్ళు దాటగానే రొయ్యలు ఒక్కసారిగా ఎగిరిపడ్డాయి. కొన్ని ఆయన చేతులకి తగిలి నీళ్ళలో పడ్డాయి.

"సూశారా మేడంగారండీ," అని అక్కడినుంచే కేక వేశాడు, "ఎలా ఎగురుతున్నాయో!"

జోసెఫిన్ తలూపింది. అక్కడ షెడ్డులో పాపాయమ్మ ఈపాటికి చెప్పులు వేసుకుంటూ ఉంటుంది.